మట్టి కోటకు రాతి గోడలు

తెర మీద చూపిస్తున్న చరిత్రలో నిజమెంత, ఊహ ఎంత అన్న చర్చ మళ్లీ జోరందుకుంది. మదురై, కోయంబత్తూరు ప్రాంతాల్లో నాలుగైదు వందల ఏళ్లుగా ఉంటున్న తెలుగువాళ్లకు ఈ చర్చ కొత్త కాదు. వాళ్ల ఊళ్లూ వంశాలూ ఏనాడో తెరకెక్కాయి. ఎలా ఎక్కాయన్నదే ఈ కథ.

చిత్తిరై నెల. మధ్యాహ్నపు ఎండ ఇంకా తగ్గలేదు. నల్లరేగడి చేల మధ్య దారిలో కాగడాలు పట్టుకున్న కుర్రాళ్లు గుంపులు గుంపులుగా పరుగెత్తుకొస్తున్నారు. ఒక్కో గుంపుది ఒక్కో ఊరు. కాగడా ఆరకుండా చేతులు మార్చుకుంటూ, వంతులవారీగా పరుగు తీస్తూ పాంచాలంకురిచ్చి చేరి వీరజక్కమ్మ గుడి ముందు ఆగుతారు. అక్కడ దేవరాట్టం సాగుతోంది. తలపాగాలు, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో రుమాళ్లు. ఈ ఆటకు పాట లేదు. దేవదుందుభి మీద దరువు మారితే అడుగు మారుతుంది, అంతే. గుడి పక్క నీడన కూర్చున్న ఆడవాళ్ల మాటలు చెవిన పడితే తెలుగు నేల నుంచి వెళ్లినవాడు ఠక్కున ఆగిపోతాడు. యాస వేరు, మధ్యమధ్యలో తమిళం కలుస్తోంది, అయినా అది తెలుగే. పలకరిస్తే ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "మనవాడేనా?"

తూత్తుకుడి జిల్లా ఓట్టపిడారం పక్కనున్న ఈ చిన్న ఊరు ఒకప్పుడు వీరపాండ్య కట్టబొమ్మన్ పాలెం. ఈస్టిండియా కంపెనీవాళ్లు 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీసిన పాలెగాడు ఆయన. పుట్టింది తెలుగు మాట్లాడే రాజకంబళం నాయకర్ల వంశంలో. వాళ్ల కులదేవత జక్కమ్మ. ఏటా ఇక్కడ కాగడాలతో పరుగెత్తుకొచ్చేది ఆమె కోసమూ, ఆయన కోసమూ.

ఈ ఊరి బయట మాత్రం కట్టబొమ్మన్ అనగానే అందరి కళ్లముందూ మెదిలేది శివాజీ గణేశన్. ఆ మీసం, ఆ గర్జన, కలెక్టరును నిలదీసిన ఆ మాటల వరద. 1959 నాటి ఒక్క సినిమా ఒక పాలెగాడికి ముఖాన్నీ గొంతునీ ఇచ్చింది. అందులో ఎంతో మేలు జరిగింది. కొంత నష్టమూ జరిగింది, దాన్ని మోస్తున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

లేని ఊరు, కలవని అన్నదమ్ములు

తెర చరిత్రను మార్చడం మన దగ్గరే జరగలేదు. ఓటీటీలు వచ్చాక మన ఇళ్లలో లోకంలోని చరిత్రలన్నీ కనిపిస్తున్నాయి. 2013 నుంచి 2020 దాకా ఆరు సీజన్లుగా వచ్చిన 'వైకింగ్స్' ధారావాహికను తెలుగు కుర్రాళ్లు కూడా రాత్రంతా మేలుకుని చూశారు. కత్తులు, ఓడలు, మంచు కొండల నడుమ కట్టెగాట్ అనే రేవు ఊరు. చూసినవాళ్లకు ఆ ఊరి వీధులన్నీ గుర్తుండిపోతాయి. అసలు కట్టెగాట్ ఊరే కాదు, డెన్మార్క్‌కూ స్వీడన్‌కూ నడుమనున్న సముద్రం. షూటింగు చేసింది ఐర్లాండ్‌లో, విక్లో కొండల్లో. డెన్మార్క్ అని చూపించిన చోట కూడా కొండలు కనిపిస్తాయి. ఆ దేశంలో సహజంగా ఉన్న అత్యంత ఎత్తైన చోటు 171 మీటర్లే.

కాలాన్నీ అలాగే ముడిచారు. లిండిస్‌ఫార్న్ మఠం మీద ఓడదొంగలు పడింది 793లో. రోలో అనే నాయకుడికి ఫ్రాన్సు రాజు నార్మండీ నేలను ఇచ్చింది 911లో. ధారావాహికలో ఆ దాడి చేసిన రాగ్నార్‌కు ఈ రోలో సొంత సోదరుడు! నడుమనున్న నూట పద్దెనిమిదేళ్లు మాయమయ్యాయి. తల మీద కొమ్ముల టోపీ లేకుండా వైకింగ్‌ను ఊహించలేని జనానికి ఆ టోపీ ఇచ్చింది కూడా చరిత్ర కాదు. 1876లో జర్మనీలో వాగ్నర్ సంగీత నాటకానికి దుస్తులు కుట్టించిన డోప్లర్ అనే చిత్రకారుడు.

వెయ్యేళ్లు దాటిన కథ కాబట్టి స్కాండినేవియా వాళ్లు కాసేపు విసుక్కుని ఊరుకోవచ్చు. రాగ్నార్ పేరు చెప్పి ఈరోజు ఎవరి ఇంటికీ పిల్లనివ్వడం మానరు. మన దగ్గర పరిస్థితి వేరు. కట్టబొమ్మన్‌కు గడిచింది రెండు వందల పాతికేళ్లు మాత్రమే. ఆయనవాళ్లూ ఉన్నారు, ఆయన పగవాళ్ల వంశమూ ఉంది. బస్సెక్కితే గంటలోపు ఒకరి ఊరి నుంచి ఇంకొకరి ఊరికి చేరవచ్చు.

జైపూరులో పాంచాలంకురిచ్చి

చిన్నప్పుడు తిరుచ్చిలో కట్టబొమ్మన్ కథను ఆడిన కంబళత్తార్ కూత్తు చూసి తనకు నటన మీద మనసు పడిందని శివాజీ గణేశన్ చెప్పుకున్నారు. ఆ ఆటకు పేరిచ్చింది కంబళంవాళ్లు, అంటే ఈ తెలుగు నాయకర్లే. పెద్దయ్యాక ఆయన ఆ కథను సొంత బృందంతో నాటకంగా కట్టించారు. శక్తి కృష్ణస్వామి మాటలు రాశారు. 1957లో మొదలైన నాటకాన్ని జనం ఊరూరా నెత్తిన పెట్టుకున్నారు. బి.ఆర్.పంతులు దాన్నే టెక్నికలర్ సినిమాగా తీశారు. 1959 మేలో మొదట లండన్‌లో, ఆ వెంటనే మన దేశంలో విడుదలైంది. మరుసటి ఏడు కైరోలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో శివాజీ ఉత్తమ నటుడయ్యారు. 'వీరపాండ్య కట్టబ్రహ్మన'గా తెలుగులోకీ వచ్చింది. కట్టబొమ్మన్ భార్య జక్కమ్మగా నటించిన ఎస్.వరలక్ష్మి మన తెలుగమ్మాయే.

యుద్ధ దృశ్యాలు తీసింది జైపూరులో. గుర్రాలు కావాలి, సైనికులు కావాలి, విశాలమైన నేల కావాలి. అవన్నీ అక్కడ దొరికాయి. తెర నిండా రాజస్థాన్ మట్టి, రాజస్థాన్ వెలుతురు. కోట అంటే ఎత్తైన గోడలు, ఘనమైన బురుజులు.

అసలు కోట మట్టిది. 1801 పోరులో కంపెనీ పక్షాన ఉండి, తర్వాత అనుభవాలను పుస్తకంగా రాసిన జేమ్స్ వెల్ష్ దాని కొలతలు చెప్పాడు. రెండు పక్కలు సుమారు ఐదొందల అడుగులు, మిగతా రెండూ సుమారు మూడొందల అడుగులు. మొత్తం మట్టితోనే కట్టింది. గట్టిగా పట్టుకునే జిగట మట్టి. చుట్టూ చదును నేల, ముళ్లచెట్లు, తాటిచెట్లు. దాక్కోవడానికి కొండ లేదు, అడ్డుపడటానికి నది లేదు.

ఇక్కడే నాకు బాధ. రాతి కోటలో నిలబడి ఫిరంగులను ఎదిరించడంలో ఆశ్చర్యం ఏముంది? ఐదొందల అడుగుల మట్టి గోడ వెనక నిలబడి, అప్పటికే టిప్పు సుల్తాన్‌ను ఓడించి వచ్చిన సైన్యాన్ని ఆపడంలో ఉంది అసలు సాహసం. కోటను పెద్దది చేసి మనిషిని చిన్నవాణ్ని చేశారు. సినిమావాళ్లకు ఆ ఉద్దేశం లేదు. వాళ్లు ప్రేమతోనే తీశారు. ప్రేమతో తీసినా, నేలను మారిస్తే కథ బరువు మారిపోతుంది.

1974లో తమిళనాడు ప్రభుత్వం పాంచాలంకురిచ్చిలో స్మారక కోట కట్టించింది. అది కూడా బలమైన కట్టుడు గోడల కోటే. సెలవుల్లో పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు దాని ముందు ఫొటోలు దిగుతారు. దాని దగ్గర్లోనే అసలు కోట పునాదులు నేలమట్టానికి కనిపిస్తాయి. వాటి దాకా నడిచేవాళ్లు తక్కువ.

> తెర మీద... కాగితాల మీద
>
> మాట: తెర మీద నాటకాల గంభీర తమిళం. ఇంటి భాష రాజకంబళం తెలుగు.
>
> కోట: తెర మీద ఘనమైన దుర్గం. వెల్ష్ చూసింది మట్టి కోట.
>
> పన్ను: తెర మీద కట్టేదే లేదన్న ధిక్కారం. కంపెనీ లెక్కల్లో 1798 నాటికి 3,310 వరహాల బకాయి, అందులో చాలావరకు చెల్లింపు.
>
> పట్టుబడింది: తెర మీద ఎట్టయపురం పాలెగాడు ఎట్టప్పన్ ద్రోహం ముందుకొస్తుంది. కట్టబొమ్మన్‌ను పట్టి అప్పగించింది పుదుక్కోట్టై తొండమాన్.

కలెక్టరు ముందు నిలబడ్డ మనిషి

సినిమాలో అందరికీ గుర్తుండేది జాక్సన్ దొరతో మాటల పోరు. తమిళనాట బడి పిల్లలు ఏకపాత్రాభినయానికి దాన్నే ఎంచుకుంటారు. ఆ మాటలు శక్తి కృష్ణస్వామివి. కాగితాల్లో కనిపించే 1798 కథ ఇంకోలా ఉంటుంది. నాకైతే అదే ఎక్కువ కదిలిస్తుంది.

కలెక్టర్ కాలిన్ జాక్సన్ పన్ను బకాయి పేరుతో కట్టబొమ్మన్‌కు తాకీదు పంపాడు. పాలెగాడు బయల్దేరి వెళ్లాడు. దొర ఊరు మారాడు. వెనకే వెళ్లాడు. మళ్లీ మారాడు. మూడు వారాలకు పైగా అలా ఊరూరా తిప్పించి, చివరికి సెప్టెంబరులో రామనాథపురంలో దర్శనమిచ్చాడు. కూర్చోమనలేదు. గంటల తరబడి నిలబెట్టి లెక్కలడిగాడు. బయటికి వెళ్లనివ్వకుండా పట్టుకోబోతే కోట వాకిట్లో గొడవైంది, లెఫ్టినెంట్ క్లార్క్ చనిపోయాడు. కట్టబొమ్మన్ తప్పించుకున్నాడు. ఆయన కార్యదర్శి సుబ్రమణ్య పిళ్లై దొరికిపోయాడు.

ఆ తర్వాత జరిగింది సినిమా చూసినవాళ్లలో చాలామందికి తెలియదు. కట్టబొమ్మన్ మద్రాసుకు మొర పెట్టుకున్నాడు. విచారణ సంఘం కూర్చుంది. బ్రౌన్, ఓరమ్, కాసామేజర్ అనే ముగ్గురు దొరలు సాక్ష్యాలు విన్నారు. తప్పు జాక్సన్‌దేనని తేలింది. ఆయన పదవి పోయింది, సుబ్రమణ్య పిళ్లై విడుదలయ్యాడు. కంపెనీ పెట్టిన విచారణలోనే కంపెనీ కలెక్టరు మీద ఒక తెలుగు పాలెగాడు గెలిచాడు. గెలిచిన ఏడాదికే ఆయన్ను ఉరితీశారు. ఇంతకన్నా పెద్ద నాటకం ఎవరు రాయగలరు?

1799 సెప్టెంబరులో మేజర్ బానర్‌మన్ కోట మీదికి వచ్చాడు. కట్టబొమ్మన్ తప్పించుకుని పుదుక్కోట్టై అడవుల్లో పట్టుబడ్డాడు. కయత్తారులో మిగతా పాలెగాళ్లందర్నీ పిలిపించి, వాళ్ల ఎదుట విచారణ తంతు జరిపి, చింతచెట్టుకు ఉరివేశారు. తోటివాళ్లకు గుణపాఠం కావాలని ఆ ఏర్పాటు. ఆయన బెదరలేదనీ, తలెత్తి ఎట్టయపురం, శివగిరి పాలెగాళ్ల వైపు తిరస్కారంగా చూశాడనీ బానర్‌మనే రాశాడు. ఉరి చెట్టు వైపు నడుస్తూ మూగ తమ్ముణ్ని తల్చుకుని బాధపడ్డాడు. కోటలోనే పోరాడి చావకుండా బయటికి వచ్చినందుకు చింతించాడు. ఉరితీసినవాడే రాసిపెట్టిన మాటలివి.

సినిమా వచ్చాక వాదాలు పెరిగాయి. మ.పొ.శివజ్ఞానం అంతకుముందే కట్టబొమ్మన్‌ను స్వాతంత్ర్య వీరుడిగా నిలబెట్టారు, సినిమాకు ఆయన పరిశోధనే అండ. రచయిత తమిళవాణన్ ఎదురు తిరిగి, కట్టబొమ్మన్ దోపిడీగాడంటూ ఏకంగా పుస్తకమే రాశారు. అదే 1959 మే నెలలో కవి కణ్ణదాసన్ శివగంగ వీరులు మరుదు సోదరుల మీద 'శివగంగై సీమై' సినిమా తెచ్చారు. ఎవరి వీరుడు ముందు అన్న పంతం మొదలైంది. ఈ రొదలో నిదానంగా పనిచేసినవాళ్లు ఇద్దరున్నారు. నా.వానమామలై పల్లెల్లో పాడుకునే కట్టబొమ్మన్ కథాగేయాన్ని పరిష్కరించి 1971లో మదురై విశ్వవిద్యాలయం ద్వారా అచ్చు వేయించారు. చరిత్రకారుడు కె.రాజయ్యన్ కంపెనీ దస్తావేజులన్నీ తిరగేసి 1800–1801 తిరుగుబాటును పుస్తకంగా రాశారు. సినిమాలో పాత్రలు జనం పాటల్లోంచి వచ్చాయనీ, పాటకు ఒక ధర్మం, దస్తావేజుకు ఒక ధర్మం ఉంటాయనీ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే తెలుస్తుంది.

ఎట్టయపురం మోస్తున్న పేరు

తమిళంలో ఎవరినైనా నమ్మకద్రోహి అనాలంటే 'ఎట్టప్పన్' అంటారు. రాజకీయ సభల్లో, టీ కొట్టు దగ్గర, ఇంట్లో అన్నదమ్ముల గొడవలో కూడా ఆ మాట పడుతుంది. ఎట్టప్పన్ అంటే ఎట్టయపురం పాలెగాళ్ల వంశనామం. సినిమాలో వి.కె.రామస్వామి ఆ పాత్రను ఎంత బాగా పోషించారంటే ఆ ముద్ర ఇక చెరగలేదు.

ఆ వంశం కూడా రాజకంబళం నాయకర్లదే. ఇంటి భాష తెలుగే. చంద్రగిరి నుంచి దక్షిణానికి వచ్చామని వాళ్ల వంశ చరిత్ర చెప్పుకుంటుంది. రెండు పాలేల మధ్య పొలిమేర తగాదాలు తరాలుగా ఉన్నాయి. కంపెనీ వచ్చినప్పుడు ఒకరు అటు నిలబడ్డారు, ఒకరు ఎదురు నిలబడ్డారు. ఎట్టయపురం కంపెనీకి సాయం చేసిందన్నది నిజం. ఆ రోజుల్లో కంపెనీ పక్షాన నిలబడ్డ పాలెగాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. పట్టి అప్పగించిన తొండమాన్ పేరు తిట్టుగా మారలేదు, ఎట్టప్ప పేరు మారింది. అంత తేడా రావడానికి తెర మీద పడ్డ వెలుగే చాలావరకు కారణమని నేననుకుంటాను.

ఒకే భాష మాట్లాడే, ఒకే దేవతల్ని కొలిచే రెండు కొలువుల పోరు ఇది. తెలుగువాళ్లకు పల్నాటి కథ తెలుసు గనక ఈ బాధ ఇట్టే అర్థమవుతుంది. సినిమాలో అది వీరుడు, ద్రోహి అన్న రెండు ముక్కలైపోయింది. దాయాదుల పోరులో ఉండే నొప్పి అందులోంచి జారిపోయింది.

ఎట్టయపురం గురించి తెలుగువాళ్లం తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. ముత్తుస్వామి దీక్షితులు జీవితం చివర్లో చేరిన కొలువు ఇదే. 1835లో ఆయన కన్నుమూసిందీ ఇక్కడే. ఆయన పరంపరలోని సుబ్బరామ దీక్షితులు 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని వెలువరించారు. కర్ణాటక సంగీతానికి అంతటి స్వరలిపి గ్రంథం మరొకటి లేదు. అది అచ్చయింది ఎట్టయపురం విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో, సంస్థానం ఖర్చుతో, తెలుగు లిపిలో. తమిళనాడు దక్షిణ కొసన, ఒక తెలుగు జమీందారు ఇంట, తెలుగు అక్షరాల్లో అంత పెద్ద పని జరిగింది. మహాకవి సుబ్రమణ్య భారతి పుట్టిందీ ఈ ఊళ్లోనే. ఇంత చేసిన ఊరికి ఒక తిట్టుపదం పేరుగా మిగలడం అన్యాయం.

మదురై మహలులో ఎవరి కథ

మదురైకి వస్తే చిక్కు ఇంకోలా ఉంటుంది. అక్కడ కట్టడం అసలుదే, కథే వేరేది.

తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలాడు. 1636లో కట్టించిన ఆయన మహలులో ఇప్పుడు మిగిలింది కొంత భాగమే. ఆ భాగం చూడ్డానికే కళ్లు చాలవు. సాయంత్రాల్లో ఆ మండపంలో ఏళ్ల తరబడి ధ్వనికాంతి ప్రదర్శన నడిచింది. ఇంగ్లిష్‌లో ఒకటి, తమిళంలో ఒకటి. అందులో నాయకుడి కథతో పాటు తమిళ కావ్యం శిలప్పదికారం కూడా వినిపించేవారు. ఆ కావ్యంలోని కణ్ణగి కథ జరిగింది పాండ్యుల కాలపు మదురైలో. ఈ స్తంభాలు లేచింది వెయ్యేళ్లకు పైగా గడిచాక. దీపాలు వెలిగిన స్తంభాల నడుమ పాండ్యరాజు న్యాయం తప్పుతుంటే, చూస్తున్న పిల్లవాడు ఇదే ఆ రాజసభ అనుకోడా? పెద్దవాళ్లే అనుకుంటారు.

సినిమాలకూ ఈ మహలంటే ఇష్టం. 1995 నాటి 'బొంబాయి'లో పెళ్లి పాట ఇక్కడ తీసిందే. పాట చూసినప్పుడు ఆ తోరణాలు ఏ నవాబు ఇంటివో అనిపిస్తాయి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కట్టడం అందాన్ని వాడుకున్నారు, చరిత్ర చెబుతున్నామని అనలేదు. ఆ తేడా చాలా పెద్దది.

మదురై నాయకుల కథను నేరుగా చెప్పిన తెలుగు సినిమా ఒకటుంది. 1987లో దాసరి నారాయణరావు తీసిన 'విశ్వనాథ నాయకుడు'. కృష్ణ విశ్వనాథుడు, కృష్ణంరాజు శ్రీకృష్ణదేవరాయలు, తండ్రి నాగమ నాయకుడిగా శివాజీ గణేశనే వేశారు. మదురైని పట్టుకుని విజయనగరానికి ఎదురు తిరిగిన తండ్రిని కొడుకే బంధించి తెచ్చి, రాయల మన్నన పొంది, మదురై నాయకుడైన కథ. స్థానిక వృత్తాంతాలు చెప్పేదీ ఇదే. విశ్వనాథుడి ఏలుబడి 1529లో మొదలైందని ఎక్కువగా అంటారు. రాయలు కన్నుమూసింది కూడా ఆ ఏడే. అందుకే ఆయన్ను నియమించింది రాయలా, తర్వాత వచ్చిన అచ్యుతరాయలా అన్నది పండితుల మధ్య నలిగిన విషయం. సినిమాకు ఆ సందేహంతో పనిలేదు. తండ్రీకొడుకులు ఎదురెదురుగా నిలబడాలి, రాయలు సింహాసనం మీద ఉండాలి. ఆ మేరకు దాసరి తీసుకున్న చనువును నేను తప్పుపట్టను. వృత్తాంతాల్లో ఉన్నదాన్నే తీశారు, ఎవరి పేరూ పాడు చేయలేదు.

> మదురై కొలువులో తెలుగు
>
> విజయరంగ చొక్కనాథుడి కాలంలో సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'జైమిని భారతము'ను తెలుగు వచనంలో రాశాడు. తెలుగు వచనానికి దక్షిణాంధ్ర యుగం వేసిన బాటలో అదొక మైలురాయి. 1736 ప్రాంతంలో చందా సాహెబు రాకతో రాణి మీనాక్షి ఏలుబడి ముగిసి, నాయకుల కొలువు చెదిరిపోయింది.

కొంగునాట తెర చూడని కథలు

కోయంబత్తూరు వైపు వెళ్తే సినిమా కథలు మారతాయి. ఈ ఊరు ఒకప్పుడు సినిమాల కార్ఖానా. ఎస్.ఎం.శ్రీరాములు నాయుడు పక్షిరాజా స్టూడియో ఇక్కడే నడిపారు. 'జగదలప్రతాపన్' వంటి జానపదాలు, 1954లో 'మలైక్కళ్లన్', అదే ఏడు ఎన్టీఆర్, భానుమతులతో తెలుగులో 'అగ్గిరాముడు' ఆయన చేతి మీదుగా వచ్చినవే. ఆ జానపదాల్లో రాజులున్నారు, కోటలున్నాయి, కుట్రలున్నాయి. కానీ అవి ఎవరి ఊరూ కాదు, ఎవరి తాతా కాదు. అనగనగా ఒక రాజ్యం. ఎంత ఊహించినా ఎవరికీ నొప్పి లేదు. ఊరి పేరు, మనిషి పేరు పెట్టిన క్షణం నుంచి రచయిత మీద అప్పు మొదలవుతుంది.

చరిత్ర సినిమాకు సరిపోయే కథలు కొంగునాట పుష్కలంగా ఉన్నాయి. 1800 జూన్ 3న కోయంబత్తూరులోని కంపెనీ సైనిక స్థావరం మీద దాడికి తిరుగుబాటుదారులు పథకం వేశారు. దిండిగల్ దగ్గరి విరూపాక్షి పాలెగాడు గోపాల నాయకుడిది అందులో పెద్ద చెయ్యి. దాడి విఫలమైంది. నలభై ఇద్దరిని ఉరితీశారు. ఉడుమలపేట దగ్గర తళి పాలెగాడు ఎత్తలప్ప నాయకుడు కంపెనీ మనిషిని ఒకణ్ని ఉరితీయించాడని తిరుమూర్తి కొండల కింది పల్లెల్లో ఈనాటికీ చెప్పుకుంటారు. ఉరికొయ్య తోట అని ఒక చోటును చూపిస్తారు. ఈ కథలకు శివాజీ దొరకలేదు, కనక బయటివాళ్లకు పేర్లే తెలియవు. తెర తప్పులు చేస్తుందన్నది నిజమే. తెర తాకని కథ నాలుగు పల్లెల్లోనే ఆగిపోతుందన్నదీ అంతే నిజం.

ఇప్పుడు కోయంబత్తూరువాళ్లు ఎదురుచూస్తున్నది పాలెగాడి కథ కోసం కాదు. సూలూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగు మాట్లాడే రైతు ఇంట పుట్టి, 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టి, మోటార్లూ యంత్రాలూ కనిపెట్టిన జి.డి.నాయుడు కథ కోసం. మాధవన్ ఆయన పాత్ర వేస్తున్నట్టు 2025లో ప్రకటించారు. అదే ఏడు అక్టోబరు 9న అవినాశి రోడ్డు మీద ప్రారంభించిన పది కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరు పెట్టారు. వీధుల పేర్లలో కులం పదాలు తీసేస్తున్న వేళ 'నాయుడు' ఉండాలా వద్దా అన్న చర్చ కూడా రేగింది. ఆయన 1974 దాకా ఉన్నారు. ఆయన్ను కళ్లారా చూసినవాళ్లు, ఆయన కింద పని నేర్చినవాళ్ల పిల్లలు ఇదే ఊళ్లో ఉన్నారు. ఆయన తీసిన ఫొటోలున్నాయి, చేసిన వస్తువులు మ్యూజియంలో ఉన్నాయి. తప్పు తీస్తే మర్నాడే పట్టేస్తారు. సినిమావాళ్లకు ఇంతకన్నా మంచి కాపలా ఉండదు.

ఆరు రోజుల్లో లేచిన కోట

కట్టబొమ్మన్ కథ ఉరితో ముగిసిందని సినిమా చూసినవాళ్లు అనుకుంటారు. ఆ తర్వాతి రెండేళ్లే అసలైన ధారావాహిక.

ఆయన తమ్ముడికి మాట రాదు. జనం ఊమైదురై అన్నారు. 1801 ఫిబ్రవరి 2న అతను పాళయంకోట్టై జైలు నుంచి తప్పించుకున్నాడు. కంపెనీవాళ్లు నేలమట్టం చేసిన పాంచాలంకురిచ్చి కోటను ఊరి జనం మళ్లీ కట్టేశారు. ఆరు రోజులు! కంపెనీ సేనాధికారి మెకాలే సైన్యంతో వచ్చి చూస్తే ఎదురుగా గోడ లేచి ఉంది. మట్టి కోట అని చూపించకపోతే ఈ ముక్క నమ్మడం ఎలా? రాతి కోట ఆరు రోజుల్లో లేవదు. ఇరుగు పొరుగు పల్లెల నుంచి తట్టలతో, చేతులతో జిగట మట్టి మోసినవాళ్లు కట్టింది గనకే లేచింది. మార్చి 31న చేసిన దాడిలో కంపెనీ దెబ్బతిని వెనక్కి తగ్గింది. మరింత సైన్యం, పెద్ద ఫిరంగులు వచ్చాక మే 24న కోట పడింది.

ఆ రాత్రి జరిగిందంటూ వెల్ష్ రాసిన ఒక సంగతి ఉంది. కొడుకు శవం కోసం వెతుకుతూ ఒక తల్లి యుద్ధభూమికి వచ్చింది. కొడుకు కొన ఊపిరితో ఉన్నాడు. నన్నొదిలెయ్, పక్కనే పడి ఉన్న స్వామిని కాపాడు అన్నాడట. ఆమె ఊమైదురైని ఇంటికి చేర్చింది. వెతుక్కుంటూ ఎట్టయపురం మనుషులు వచ్చేసరికి ఆడవాళ్లు అతని మీద తెల్లగుడ్డ కప్పి, అమ్మవారు పోసి చచ్చిపోయాడని గొల్లున ఏడ్చారు. మశూచికి భయపడి వచ్చినవాళ్లు వెనుదిరిగారు. అతను కోలుకుని మరుదు సోదరులతో కలిసి కొన్ని నెలలు పోరాడాడు. నవంబరు 16న పాంచాలంకురిచ్చిలోనే అతన్నీ ఉరితీశారు. ఆ మూగ మనిషిని జనం ఎంత ప్రేమించారో శత్రుపక్షంలో ఉన్న వెల్ష్ దాచుకోకుండా రాశాడు.

ఎవరైనా ఈ కథను ఎనిమిది భాగాలుగా తీయాలనుకుంటే వాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇది. ముందు ఓట్టపిడారం నల్లరేగడి మీద నాలుగు రోజులు తిరగండి. ఇదే సీమలోని ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి.రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' చదవండి. ఉత్తరం నుంచి ఏళ్లూ ఊళ్లూ దాటుకుని వచ్చిన మనవాళ్లు ఏం తిన్నారో, దేనికి భయపడ్డారో అందులో ఉంది. దేవరాట్టం కోసం జమీన్ కోడంగిపట్టి వెళ్లండి, డాన్సు మాస్టరును పెట్టుకోకండి. పాలెగాడు కలెక్టరుతో తమిళంలో మాట్లాడనివ్వండి. తమ్ముడి ముందు చేతి సైగలతో, భార్య దగ్గర రాజకంబళం తెలుగులో మాట్లాడనివ్వండి. ఆ తెలుగు తెలిసినవాళ్లను రచయితల గదిలో కూర్చోబెట్టండి, వాళ్లు ఇప్పటికీ వేలల్లో ఉన్నారు. ఎట్టయపురం వెళ్లి అక్కడివాళ్ల మాట కూడా వినండి. కోటను మాత్రం మట్టితో, వెల్ష్ చెప్పిన కొలతలకే కట్టించండి. దానికి జైపూరు దాకా వెళ్లక్కర్లేదు.